చెలక దాకా పోయే బండి

“ఇయ్యాలన్న పడ్డదా గేరు?”

వసారాలో మంచం మీద నుంచి బాలమణి అడిగింది. రేకుల షెడ్డులోంచి బయటికొచ్చిన మల్లేశం, నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

“ఫస్టు పడ్తాంది. సెకండు కాడ పట్టేస్తాంది. గేరు పండ్లు మల్ల కొయ్యాలె.”

“కొయ్యి. నాకేం తొందరున్నదయ్యా? నువ్వు చేసేదాంక నేనెటూ పోను,” అని నవ్విందామె.

మల్లేశం నవ్వలేదు. మళ్లీ షెడ్డులోకి వెళ్లిపోయాడు.

అది తొంభై ఎనిమిది, సెప్టెంబరు. మేడ్చల్‌లో వాళ్ల ఇల్లు. మల్లేశం పద్దెనిమిదేళ్లుగా జీడిమెట్లలో ఒక వర్క్‌షాపులో గేర్లు కోస్తున్నాడు. జూన్‌లో బాలమణికి నడుము నొప్పి అని ఆస్పత్రికి తీసుకుపోతే, క్యాన్సర్ వెన్నెముకలోకి పాకిందన్నారు. డాక్టరు మల్లేశాన్ని పక్కకు పిలిచి, “రెండు నెలలు. మనసులో ఏదైనా ఆశ ఉన్నవాళ్లు ఇంకొన్నాళ్లు నిలబడతారు. అంతకుమించి నేను చెప్పలేను,” అన్నాడు.

బాలమణి అడిగింది ఒక్కటే. శామీర్‌పేట అవతల రాతి గుండ్ల మధ్య వాళ్లకు ఎకరం మెట్ట చెలక ఉంది. పెళ్లయిన కొత్తలో అక్కడ ఆమె ముప్పై సీతాఫలం చెట్లు పెట్టింది. ఎండాకాలమంతా బిందెలతో నీళ్లు మోసి బతికించుకుంది.

“ఆ చెట్లను ఒక్కసారి కండ్లార చూస్తే సాలు. ఇగ పోయినా ఫికర్ లేదు.”

చెలకకు బాట రెండు గుండ్ల సందులోంచి పైకెక్కుతుంది. ఆటో ఎక్కదు, జీపు పట్టదు. మంచం మీద మోసుకుపోతామని వాడకట్టు మగవాళ్లు ముందుకొస్తే బాలమణి ఒప్పుకోలేదు.

“బతికుండంగనే నలుగురితోని మోపిచ్చుకోవాల్నా? మా ఆయన బండి చేస్తడు. దాని మీదనే పోత.”

మల్లేశం చేయడం మొదలుపెట్టాడు. పాత స్కూటరు ఇంజను తెచ్చాడు. సందులో పట్టేటట్టు ఇరుకైన చట్రం, నాలుగు చిన్న టైర్లు, వెనక దూదిపరుపు వేసిన సీటు. గేరుబాక్సు మాత్రం అంగట్లో కొంటే పనికిరాదు. రాళ్ల మీద మనిషి నడక కన్నా మెల్లగా లాగాలి. చిన్న కుదుపు తగిలినా ఆమె వెన్ను ఓర్చుకోదు. అందుకని ఇనుప పలకలతో డబ్బా వెల్డింగు చేసి, లోపలి గేర్లు ఒక్కో పన్నే తన చేత్తో కోశాడు. పైన తిప్పుకోవడానికి జాగా లేదని రివర్సు కూడా పెట్టాడు. ఆగస్టు మొదటి వారానికి బండికి రూపం వచ్చింది.

అప్పటినుంచి రోజుకొక లోపం చెప్తున్నాడు. ఒకనాడు బేరింగు బిగుసుకుందన్నాడు. ఒకనాడు షాఫ్టు వంగిందన్నాడు. బాలమణి అన్నీ విని, “రేపు సూద్దువు తియ్యి,” అనేది. బండి మీద కూర్చోవడానికి సత్తువ ఉండాలని, సయించకపోయినా రోజూ గిన్నెడు జావ తాగేది.

వర్క్‌షాపులో అతని పక్క మిషను సోమయ్యది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

“ఎన్ని వేల గేర్లు కోసినవ్ మల్లేశం! ఒక్క పన్ను తప్పకపోతుండె నీకు. నన్నన్న సూడనియ్యి.”

“చేతులు వణుకుతున్నయన్నా. నేనే చేసుకుంట.”

అక్టోబరు వచ్చింది. “కాయలు కండ్లు దెరిచి పండవట్టినయేమో,” అంది బాలమణి. మల్లేశం పోయి సంచెడు కాయలు తెంపుకొచ్చాడు. ఆమె ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు నిమిరింది, తినలేదు.

కూతురు భవితను కౌకూర్‌లో ఇచ్చారు. ఆదివారం ఆదివారం వచ్చిపోయేది. నవంబరులో తండ్రి మీద గట్టిగానే లేచింది.

“అమ్మ దినాలు లెక్కవెట్టుకుంటాంది నాయినా! నీకు చేతగాకుంటే ఇంకో మిస్త్రీకి సూపియ్యి.”

“నా గేర్లను ఎవ్వరూ ముట్టద్దు!” అని మల్లేశం అరిచాడు. పెళ్లాం మీద గాని బిడ్డ మీద గాని ఎన్నడూ గొంతు లేపని మనిషి. భవిత బిత్తరపోయింది. బాలమణే సర్దిచెప్పింది.

“నాయిననేం అనకు బిడ్డా. ఆయన తండ్లాట నాకెరుక.”

డిసెంబరులో ఆమె మంచానికి అతుక్కుపోయింది. ఒక గురువారం పొద్దున మాత్రం మొఖం తేటగా ఉంది.

“ఇయ్యాల పానం తేలికగున్నది. అయిందా బండి?”

మల్లేశం ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. సన్నటి ఆ పాదాలను ఒళ్లోకి తీసుకున్నాడు. చివరికి అన్నాడు.

“ఐతారం పోదాం.”

“ఖాయమేనా?”

“ఖాయం.”

ఆదివారం పొద్దున్నే వచ్చి ఆకుపచ్చ చీర కట్టిపెట్టమని ఆమె భవితకు కబురు పంపింది. శనివారం పొద్దున జావ తాగించబోతే నోరు తెరవలేదు.

వచ్చినవాళ్లంతా మల్లేశాన్ని చూసి కండ్లు తుడుచుకున్నారు. “రెండు నెలలంటే ఆర్నెల్లు బతికింది మహాతల్లి. ఆ గేరొక్కటి కుదిరితే కోరిక తీరిపోవు,” అన్నారు. భవిత తండ్రి చెయ్యి పట్టుకుంది.

“నిన్ను ఊకెనే తిట్టిన నాయినా. గేరు కుదరకపోతే నువ్వేం జేస్తవ్?”

ఆ మాటకు మల్లేశం గుండెలు బాదుకున్నాడు. ఆపడం ఎవరి తరమూ కాలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక, చుట్టాలు వెళ్లిపోయాక, సోమయ్య షెడ్డు తలుపు తీశాడు.

“ఏడ తప్పిందో సూద్దాం. నా మనసున పడ్తలేదు.”

“వద్దన్నా,” అన్నాడు మల్లేశం.

సోమయ్య వినలేదు. ఎక్కి కిక్కు కొట్టాడు. ఫస్టు వేశాడు, పడింది. సెకండు, థర్డు, రివర్సు, అన్నీ వెన్నలో వేలు దిగినట్టు పడ్డాయి. బండి షెడ్డు గడప దిగి, వాకిట్లోకి వచ్చి, రాళ్ల మీద నుంచి ఒక్క కుదుపు లేకుండా మెల్లగా సాగింది. సోమయ్య ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు.

“కుదిరింది గదరా! ఎన్నడైంది గిది?”

మల్లేశం గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

“పంద్రాగస్టు నాడే, అన్నా.”