మూడు వేళ్ళు

దిగబోతున్న చిన్న విమానానికి ఎదురుగా ముసలాయన రన్‌వే మీద పరుగెత్తాడు. రెండు చేతులూ పైకెత్తి తువ్వాలు ఊపుతున్నాడు.

విమానం నడుపుతున్న యజమాని పళ్ళు నూరుతూ దాన్ని మళ్ళీ పైకి లేపాడు. వెనక సీట్లో ఎనిమిదేళ్ళ కూతురు కెవ్వుమంది.

ఒక చుట్టు తిరిగొచ్చి దింపాడు. దిగీ దిగగానే ఆయన మీదికి ఉరికాడు.

“చావడానికి నా విమానమే దొరికిందా?”

“చక్రాలు బాబూ...”

“నోర్ముయ్! లోపల నా కూతురుంది!”

“అందుకే...”

ఛాతీ మీద చెయ్యేసి ఒక్క తోపు తోశాడు. ముసలాయన కళ్ళజోడు పగిలింది.

“వీణ్ణి లోపలికెవరు రానిచ్చారు?”

గార్డు పరుగెత్తుకొచ్చాడు. “కంచె దూకాడు సార్. ఈ వయసులో దూకుతాడనుకోలేదు. రోజూ అవతలే నుంచుంటాడు. ఏ విమానం దిగుతున్నా మూడు వేళ్ళు చూపిస్తాడు. పిచ్చాయన. మూడువేళ్ళ తాత అంటాం.”

“మళ్ళీ కనిపిస్తే నీ ఉద్యోగం ఊడుతుంది!”

గార్డు ఆయన్ని కాలరు పట్టి ఈడ్చుకెళ్ళాడు.

“నాన్నా, తాత ఏడుస్తున్నాడు.”

“ఏడవనీ.”

మర్నాడు మెకానిక్ పలకరింపైనా లేకుండా వచ్చి ఫోన్ బల్ల మీద పెట్టాడు.

“షెడ్డు కెమెరాలోది. చూడండి.”

మొదటిసారి దిగుతున్న విమానం. పొట్ట కింద ఒక్క చక్రం కూడా లేదు.

“చక్రాలు నేను దించానే!”

“రెండోసారి దించారు.”

“మరి చక్రాలు దించకపోతే మోగే హారన్ మోగలేదేం?”

“చెవికి చిరాగ్గా ఉందని పోయిన నెల మీరే పీకించారు. వద్దు సార్ అని నెత్తీ నోరూ బాదుకున్నాను. మూడు వేళ్ళంటే మూడు చక్రాలు సార్! మూడూ దిగాయి, భయం లేదని రోజూ చెప్పేవాడు. సిగ్గులేకుండా నవ్వుకున్నాం.”

యజమాని కంచె దగ్గరికి పరుగెత్తాడు. అక్కడెవరూ లేరు.

“రాలేదు సార్,” అన్నాడు గార్డు. “ఇల్లెక్కడో ఎవరికీ తెలీదు. నిన్న ఈడుస్తుంటే ఈ పర్సు పడిపోయింది.”

లోపల రంగు వెలిసిన పైలట్ లైసెన్సు ఉంది. దాని మీద ముసలాయన పడుచు ముఖం.

దాని వెనక నాలుగు మడతలు పెట్టిన పాత పత్రిక ముక్క: ‘చక్రాలు దించడం మరిచిన పైలట్, మంటల్లో వెనక సీట్లోని కూతురు మృతి.’