బాధ: కారు

“ఏ పన్ను?” అడిగాడు డాక్టరు, చిన్న అద్దం చేతిలోకి తీసుకుంటూ.

“పన్ను కాదండీ. కారు,” అన్నాడు ముసలాయన.

కుర్చీలో కూర్చోకుండా పక్కనే నిలబడ్డాడు. చొక్కా పాతదే గానీ ఇస్త్రీ మడత నలగలేదు.

“బయట ఉన్న ఎర్ర కారు మీదేనటగా. స్టీరియో కొత్తగా పెట్టించారా?”

డాక్టరు మొహం వెలిగిపోయింది. ముప్పై ఏళ్ళు దాటిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. పోయిన నెలే ఎవరి దగ్గరో కొన్నాడు. “నా మొహం వంక ఇంత శ్రద్ధగా ఎప్పుడైనా చూశారా?” అని భార్య దెప్పుతూనే ఉంది. ఇంజను గోలకి సిగ్నళ్ళ దగ్గర తప్ప పాట వినపడదు. బండి ఆగి పాట వినపడగానే పక్క సీట్లో ఏడేళ్ళ కూతురు చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్ల కోసం డాక్టరు పచ్చ లైటు పడ్డా ఒక్క క్షణం ఆగుతాడు. వెనకవాళ్ళు తిడతారు.

“వారమైంది. ఎందుకు?”

“వైరు కొత్తది లాగారా, పాతదేనా?”

“పాతదే గట్టిగా ఉందని దానికే కలిపాడు షాపువాడు.”

ముసలాయన మొహం వాడిపోయింది.

“ఒక్కసారి బానెట్ ఎత్తుతారా?”

“నోరు తెరవమని అడగాల్సింది నేను. మీరు నా కారు నోరు తెరవమంటారేంటి పెద్దాయనా?”

నర్సు కిసుక్కున నవ్వింది. ముసలాయన నవ్వలేదు. ఇంకేదో అడగబోతే డాక్టరు గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.

లోపలికి వచ్చిన ప్రతివాళ్ళకీ చీటీ రాయడం అక్కడి పద్ధతి. నర్సు ఆయన చిరునామా కింద “బాధ: కారు” అని రాసి, ఆ చీటీని కూడా అందరి చీటీలతో పాటు తీగకి గుచ్చింది.

తర్వాత నాలుగు రోజులూ ముసలాయన వచ్చి కారు పక్కన నిలబడుతూనే ఉన్నాడు. స్టీరియో కొట్టేసే రకమేనని డాక్టరు తేల్చేసుకున్నాడు.

అయిదో రోజు డాక్టరు భార్య కూతుర్ని కారెక్కిస్తుంటే ముసలాయన దగ్గరికొచ్చాడు.

“అమ్మా, ఫ్యూజు స్టీరియో వెనకాల ఉంది. అక్కడుంటే స్టీరియో బతుకుతుంది. బ్యాటరీ దగ్గరుంటేనే మనుషులు బతుకుతారు.”

ఆమెకి ఫ్యూజుల సంగతి తెలియదు. ఆయన కళ్ళలో భయం మాత్రం తెలిసింది. బానెట్ ఎత్తింది.

ఆయన చెయ్యి వెతుక్కోలేదు. సొంత వంటింట్లో ఉప్పు డబ్బా అందుకున్నట్టు నేరుగా ఆ వైరు దగ్గరికి వెళ్ళింది. జేబులోంచి చిన్న ఫ్యూజు డబ్బా తీసి బ్యాటరీ పక్కన బిగించాడు. పది నిమిషాల పని. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు మాత్రం తాగాడు.

“పాట వస్తోందా తల్లీ?” అని పాపని అడిగాడు.

“సిగ్నల్ దగ్గరే వస్తుంది తాతా!”

అప్పుడు నవ్వాడు.

సంగతి తెలిసి డాక్టరు భగ్గుమన్నాడు. మర్నాడు ముసలాయన వీధిలో కనపడగానే పేషెంట్లను వదిలేసి బయటికొచ్చాడు.

“ఎవరయ్యా నువ్వు? కనపడిన కారులోనల్లా చెయ్యి పెట్టేస్తావా?”

జనం మూగారు.

“తప్పే బాబూ.”

“ఇంకోసారి ఈ వీధిలో కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తాను!”

“రాను. ఇంక పని కూడా లేదు. ఆ ఫ్యూజు మాత్రం తీయించకండి.”

ఏదో చెప్పబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఫ్యూజు తీయించెయ్యాలనే అనుకున్నాడు డాక్టరు. బద్ధకం అడ్డొచ్చింది. ఆ బద్ధకానికి డాక్టరు బతికున్నంత కాలం దణ్ణం పెట్టుకోవాలి.

మూడు నెలల తర్వాత వంతెన దిగుతుండగా స్టీరియో లైటు ఆరిపోయింది.

“నాన్నా, పాట పోయింది,” అంది పాప.

షాపువాడు బానెట్ ఎత్తి చూశాడు. ఇనప రేకుకున్న చిల్లులోంచి వైరు లోపలికి దూరే చోట, పైతొడుగు ఒరిసిపోయి లోపలి రాగి తీగ రేకుకి తగులుతోంది. బ్యాటరీ పక్కనున్న ఫ్యూజు మాడిపోయి ఉంది.

“ఇది నేను పెట్టింది కాదు సార్. ఎవరు పెట్టారు?”

“ఎవరో... పిచ్చాయన.”

“ఆ పిచ్చాయన పెట్టకపోతే వైరు పొడవునా మంటేనండీ. పాప కాళ్ళ పక్క నుంచే వెళ్తుందది.”

డాక్టరు పాపని దగ్గరికి లాక్కుని చాలాసేపు వదల్లేదు.

ఆ సాయంత్రమే తీగకున్న చీటీలన్నీ దులిపి చిరునామా పట్టుకున్నాడు. క్షమించమని అడగాలి. నలుగురి ముందు అన్న మాటలకి నలుగురి ముందే అడగాలి.

తలుపు ఒకామె తీసింది. పళ్ళ డాక్టర్నని చెప్పుకున్నాడు. “ఎర్ర కారు డాక్టరు గారా? ఫ్యూజు తీయించలేదు కదా?”

“లేదమ్మా. మీ నాన్నగారు...”

“పోయి నెలైందండీ. చివరిదాకా ఇదే అడిగేవారు.”

డాక్టరు గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు.

“నా కూతుర్ని నాకు మిగిల్చి వెళ్ళారమ్మా. ముక్కూ మొహం తెలియని నా కోసం ఎందుకంత తిరిగారు?”

ఆమె లోపలికెళ్ళి ఒక పాత అట్ట తెచ్చింది. దాని మీద వరసగా కార్ల నంబర్లు, ఒక్కోదాని మీదా కొట్టివేసిన గీత. అన్నిటికంటే కిందది డాక్టరు కారు నంబరే. అన్నిటికంటే పైనున్న నంబరు మీద మాత్రం గీత లేదు.

“ఇది కొట్టెయ్యలేదే?”

“అది కాలిపోయిందండీ. అన్నయ్య అందులోనే ఉన్నాడు.” ఆమె తల దించుకుంది. “ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళూ నాన్న మిగతావాటిని వెతుక్కుంటూనే తిరిగారు.”

“ఎవరివమ్మా ఈ కార్లన్నీ?”

“ఎవరెవరివోనండీ... వాటిలో స్టీరియో వైర్లు లాగింది మాత్రం నాన్నే.”