మాడిన గుడ్డ వాసన

మేడ మీది గది ఊడుస్తుంటే మంచం కింద ఆ నోటుపుస్తకం దొరికింది.

ఆ గదిలో అద్దెకుండేది ఓ విదేశీయుడు. సందులో నడుస్తూ ఆగి ఆగి గాలి పీలుస్తాడు, పుస్తకంలో ఏదో గీకుతాడు. అందరూ అతన్ని ముక్కాయన అంటారు.

ఇంటావిడ దర్జీ. కొట్టు కిందే. చీపురు పక్కన పెట్టి పుస్తకం తెరిచింది. వంకరటింకరగా మన అక్షరాలే.

‘చెప్పుల కొట్టు: జిగురు. అచ్చు దుకాణం: సిరా. సందు చివర: మురుగు. దర్జీ కొట్టు: మాడిన గుడ్డ.’

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పాతికేళ్ళలో ఒక్క గుడ్డ మాడ్చి ఎరగదు. తన ఇంట్లో ఉంటూ తన కొట్టుకే వంక పెడతాడా! మనం కంపుకొడుతున్నామని వాళ్ళ దేశంలో చెప్పుకోవడానికి కాబోలు ఈ రాతలన్నీ.

ముక్కాయన రాగానే చెడామడా దులిపేసింది. అతన్ని నోరు విప్పనివ్వలేదు.

“అక్కా, నాన్నగారికి ఒక్క మాట చెప్పి...”

“మా నాన్న ఊసెత్తావంటే మర్యాద దక్కదు. పెట్టె సర్దుకో.”

అతను నాన్న నిద్రపోతున్న గది వైపు ఒకసారి చూసి, పెట్టెతో దిగిపోయాడు.

అయినా ఆమె కసి తీరలేదు. తెల్లారగానే మనుషుల్ని పెట్టి మురుగు కాలువ తోడించింది. సందు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఫినాయిల్‌తో కడిగించింది. ఇప్పుడు రాసుకోమను, ఏం రాస్తాడో!

నాన్నకు చూపు పోయి రెండేళ్ళు. చాలాకాలం కుర్చీలోనే కూలబడి, ఇంకెందుకమ్మా ఈ బతుకు అనేవాడు. ఈమధ్యే రోజూ పొద్దున ఒక్కడే మంగలి కొట్టుకెళ్ళి కబుర్లాడి వస్తున్నాడు. ఎలాగంటే, అడుగులు లెక్కపెట్టుకుంటానంటాడు. ఆ సంగతి ఆమె కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంటుంది.

ఆ రోజూ కర్ర పట్టుకుని బయల్దేరాడు.

కాసేపటికి పెద్దరోడ్డు మీద లారీ బ్రేకు కీచుమంది.

ఆమె పరుగెత్తింది. రోడ్డు నడిమధ్య నాన్న, జానెడు దూరంలో లారీ. రెక్క పట్టుకుని పక్కకి లాగింది. ముందు డ్రైవర్ని తిట్టింది, తర్వాత నాన్నని.

“సందు చివర తిరగకుండా రోడ్డెక్కావేంటి? లెక్క తప్పావా?”

నాన్న తడుముకుని ఆమె భుజం పట్టుకున్నాడు.

“లెక్కా లేదు పాడూ లేదమ్మా. నిజం తెలిస్తే పంపవని అలా చెప్పాను. జిగురు, సిరా దాటాక మురుగు కంపు తగిలితే ఆగి ఎడంపక్కకి తిరగాలి. వచ్చేప్పుడు నీ ఇస్త్రీపెట్టె కింద గుడ్డ వాసనొస్తే ఇల్లొచ్చినట్టు. ఇవాళ అడుగడుగునా ఫినాయిలే.”

ఆమె వెనక్కి తిరిగి, తను కడిగించిన సందు వైపు చూసింది.

“దానికేముందిలే, ఇంటికెళ్ళగానే ముక్కాయన్ని కిందికి పిలువు,” అన్నాడు నాన్న కర్ర సవరించుకుంటూ. “ఈ దారంతా రాసుకొచ్చి నాకు నేర్పింది ఆయనే, కొత్త వాసనలు కూడా ఆయనే నేర్పుతాడు.”