వెలిగిన గీత

పొద్దున్నే పళ్లు తోముకున్నాక ప్రతి ఇంట్లో చేసే పనే రాజేశం కూడా చేశాడు. క్యాలెండర్ పక్కన వేలాడే టోపీని భార్య సుగుణ తలకు పెట్టి, ఆమె మెదడు దారులను ఫోన్‌లో చూశాడు. ఒక గీత ఇంకా పాలిపోయే ఉంది.

నెలన్నర కిందట బస్సు దిగుతుంటే ఆమె తల కడ్డీకి తగిలింది. నెత్తురు రాలేదు, బొప్పి కూడా కట్టలేదు. ఆ వారమే ఆమె తల్లి ఎల్లవ్వ చనిపోయింది. చుట్టపు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మెడ చుట్టుకుని ఏడిస్తే, సుగుణ పొడి కళ్లతో "తిన్నవా?" అని అడిగింది. మొహాలు ముడుచుకున్న వాళ్లకు అక్క లలిత ఆ గీత చూపించింది.

"తప్పు పట్టకుండ్రి. దుఃఖమొచ్చే తొవ్వ దెబ్బతిన్నది."

అందరూ అర్థం చేసుకున్నారు. పదకొండో రోజు భోజనాలు చేసి వెళ్లిపోయారు.

టోపీ తీశాక సుగుణ అల్మారా సర్దబోయింది. తల్లి ఆకువక్కల సంచి చేతికి తగిలింది. లోపల ఎండిన తమలపాకు, సగం కొరికిన వక్క ఉన్నాయి. ఆమె అక్కడే కూలబడి "అవ్వా" అంటూ గొంతెత్తి ఏడ్చింది.

రాజేశం పరుగున వచ్చి మళ్లీ టోపీ పెట్టాడు. గీత తళతళ మెరిసింది. వెంటనే లలితకు ఫోన్ చేశాడు.

"వదినా, సుగుణ ఏడుస్తున్నది! నయమైంది!"

"ఎంత మంచి మాట చెప్పినవ్ మరిదీ! మొక్కుకున్నట్టే ఎములాడ రాజన్న గుడిల కోడెను కట్టిస్త!" అని లలిత నవ్వింది.

సంచిని గుండెకు హత్తుకుని సుగుణ ఆ సంబరమంతా వింది. తర్వాత గుమ్మం వైపు చూసింది.

"నన్ను పట్టుకొని ఏడ్వనీకి ఇప్పుడెవరొస్తరయ్యా?"