గీత దాటని సున్నాలు

రేపు పరీక్ష. చీకటి పడేలోగా ఇద్దరు పిల్లలకి జ్వరం రావాలి.

హెడ్మాస్టర్ ఆ మాట అలా అనలేదు. “చూడండి లెక్కల సార్. అన్ని బళ్లకీ ఒకటే పేపరు. జవాబు సున్నాని పెన్సిలుతో నింపితే యంత్రం దిద్దుతుంది. సగటు కిందికి జారిందా, మన బడి మూసేసి పిల్లల్ని పెద్ద రోడ్డు అవతలి బడిలో కలిపేస్తారు. పరీక్షకి రానివాళ్లని మాత్రం సగటులోకి తీసుకోరు,” అని ఊరుకున్నాడు.

పెద్ద చదువులు చదివినవాళ్లు ఫలానాది చెయ్యమని చెప్పరు. చెప్పాల్సిందంతా చెప్పి ఊరుకుంటారు.

“వెనకబడ్డవాళ్లు ఇద్దరేగా?” అన్నాడు చివరికి.

“ముగ్గురు. ఆ పిల్ల కూడా ఉంది,” అన్నాడు లెక్కల సార్.

హెడ్మాస్టర్ గతుక్కుమన్నాడు. సాయంత్రాలు కూర్చోబెట్టుకుని మరీ చదువు చెబుతాడని, ఆ పిల్లంటే సార్‌కి ప్రాణమని బడిలో అందరికీ తెలుసు.

“ఆ పిల్ల సంగతి నేనెత్తలేదు,” అన్నాడు.

“ఆ ఇద్దర్నీ ఆపి ఈ పిల్లని కూర్చోబెడితే, వాళ్ల మొహాలు మళ్లీ ఎలా చూడను?”

హెడ్మాస్టర్ కిటికీలోంచి బయటికి చూశాడు. “మీ ఇష్టం.”

మొదటి ఇల్లు వెల్డరుది. ముందు గదే షాపు. సార్‌ని చూసి ముసుగు పైకెత్తాడు.

“రండి సార్. మావాడేం వెలగబెట్టాడు?”

“ఏం లేదు. రేపొక్కరోజు పంపకండి.”

విషయం విన్నాక వెల్డరు నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు.

“ఈ పరీక్ష మంచిదని మీటింగులో మీరేగా సార్ చెప్పింది? మా రోజుల్లో మాస్టారు చొక్కా చూసి మార్కులేసేవాడు. యంత్రానికి చొక్కాలు కనపడవు, అందరికీ ఒకటే కొలత అన్నారు. చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాను నేను!”

“అబద్ధం చెప్పలేదు. యంత్రానికి చొక్కాలు కనపడవు.” సార్ తల దించుకున్నాడు. “మీవాడు పాడైన ఫ్యాను విప్పి మళ్లీ తిరిగేలా చేస్తాడు. అదీ కనపడదు.”

“సరేలెండి. ఏం జబ్బు రావాలో కూడా మీరే చెప్పండి, అదే వస్తుంది.”

వెల్డరు ముసుగు దించుకున్నాడు. నిప్పురవ్వలు లేచాయి.

రెండో ఇంట్లో నాయనమ్మ కుట్టుమిషను మీద ఉంది. సార్ చెప్పింది ఆవిడకి అర్థమయ్యేలోగా మనవడే అందుకున్నాడు.

“నాయనమ్మా, రేపు సెలవంట! నాకొక్కడికే!” మంచమెక్కి గంతులేశాడు.

“నీకొక్కడికే ఎవరిస్తార్రా, నీ మొహం!” అని నవ్వబోయి, సార్ మొహం చూసి ఆగిపోయింది. మిషను మళ్లీ తొక్కలేదు.

వెల్డరు మాటలకన్నా ఆ గంతులే సార్‌కి ఎక్కువ గుచ్చుకున్నాయి.

మూడో ఇల్లు పక్క సందులోనే. సార్ బజారంతా చుట్టి వెళ్లాడు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల తల్లి కూరగాయలు తరుగుతోంది. పిల్ల నేలమీద పాత పేపరు పరుచుకుంది. పెన్ను మూతతో సున్నాలు గీసుకుని, ఒక్కొక్కటే పెన్సిలుతో నింపుతోంది. నోటితో అడిగితే ఏ లెక్కయినా టకటకా చెప్పేస్తుంది. కాగితం మీదకి వచ్చేసరికి అక్షరాలు ఆ పిల్ల కళ్లముందు నిలబడవు. చీమల్లా పాకుతాయి.

సార్‌ని చూసి చటుక్కున లేచి నిలబడింది. “గుడీవినింగ్ సార్!”

సార్ తల్లికి చెప్పాడు. ఆమె చేతిలో కత్తి ఆగింది.

“ఇన్నాళ్లూ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది మీరు. కొత్త పెన్సిలు కొనిచ్చింది మీరు. వద్దంటున్నదీ మీరేనా? దానికి రాదని లోకంలో ఎవరైనా అనొచ్చు. మీరనొచ్చా?”

“బడి మూసేస్తే మిగతా పిల్లలు...”

“మిగతా పిల్లల సంగతి నాకు చెప్పకండి.”

కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలు ఇంకా మొదలుపెట్టనే లేదు.

పిల్ల దగ్గరికొచ్చింది. “నేనేం తప్పు చేశాను సార్?”

“ఏం చెయ్యలేదమ్మా.”

“మరి చూడండి. ఒక్క సున్నా కూడా గీత దాటలేదు.”

సార్ పేపరు చేతిలోకి తీసుకున్నాడు. నిజంగానే, ఒక్కటీ దాటలేదు.

“నేను రాకపోతే మన బడి ఉంటుందా సార్?”

“ఉంటుంది.”

పిల్ల కొత్త పెన్సిలు తెచ్చి సార్ చేతిలో పెట్టింది.

“నా పక్కన కూర్చునేదానికి ఇవ్వండి సార్. దాని పెన్సిలు మొన ఊరికే విరిగిపోతుంది.”

సార్ దాన్ని జేబులో పెట్టుకున్నాడు. తల్లి మళ్లీ తరగడం మొదలుపెట్టింది. కూర్చోమనలేదు. పొమ్మనీ అనలేదు.

సార్ చొక్కా విప్పి, తలుపు వెనక ఎప్పుడూ తగిలించే మేకుకే తగిలించి, పిల్లని ఒళ్లోకి లాక్కుని, “సార్ వెళ్లిపోయాడు తల్లీ, ఇక ఎప్పట్లా నాన్నా అను,” అన్నాడు.