మేనేజరు గారి ఇంగ్లీషు

మొన్నమొన్నటిదాకా శుభ్రంగా ఉన్న మేనేజరు గారి ఇంగ్లీషుకి ఈ మధ్య ఏదో తెగులు పట్టింది.

పొద్దున్నే టైర్ల గోదాము వాట్సాప్ గ్రూపులో మెసేజి పెట్టారు. కస్టమర్లను పోగొట్టుకోవద్దని చెప్పబోయి, 'lose'లో ఒక 'o' ఎక్కువ పెట్టి, వదులు చేయొద్దని రాశారు. "స్టాఫ్స్" అందరూ టైముకి రావాలట.

అందరూ బొటనవేలి బొమ్మ పెట్టి ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. స్టాకు గుమస్తా మాత్రం మెసేజి మొత్తం సరిదిద్ది కింద పెట్టాడు. ఊరికే అతన్ని ఆఫీసులో 'కామా' అనరు.

"నీకేమైనా పిచ్చా తమ్ముడూ?" అంది పక్క సీటు క్యాషియరక్క. "నీ ఉద్యోగం పర్మనెంటు చేయాల్సింది ఆయనే. దండం బొమ్మ పెట్టి ఊరుకో."

"తప్పు కనిపిస్తే ఒళ్ళు దురదపెడుతుందక్కా."

"గోక్కో. గ్రూపులో మాత్రం గోక్కోకు."

కామాకి భయం లేక కాదు. ఈ ఉద్యోగం ఊడితే వెళ్ళి మామగారి చెప్పుల కొట్లో కూర్చోవాలి. కానీ చెయ్యి మాట వింటేగా!

మధ్యాహ్నం మేనేజరు గారి గదిలోంచి పిలుపొచ్చింది. క్యాషియరక్క జాలిగా చూసింది.

లోపల మాత్రం మర్యాదే మర్యాద. కుర్చీ వేయించారు. కాఫీ తెప్పించారు.

"మామూలు మెసేజిల్లో ఏ తప్పులు పట్టించుకోవాలయ్యా? ఏవి వదిలేయొచ్చు?"

కామాకి ప్రాణం లేచొచ్చింది. "అర్థం మారిపోతే పట్టించుకోవాలి సార్. ఎదుటివాళ్ళ పేరు తప్పు రాస్తే అస్సలు వదలకూడదు. మిగతావి చూసీచూడనట్టు పోవచ్చు."

"మరి కామాలు?"

"లోకం వదిలేసినా నేను వదల్లేను సార్. ఎక్కడ రాసినా పెట్టాల్సిందే."

"ఎక్కడ రాసినా?"

"ఎక్కడైనా సార్!"

మేనేజరు గారు హాయిగా నవ్వారు. "ఇంత శుద్ధంగా ఇంగ్లీషు రాసేవాడు ఈ ఆఫీసులో ఇంకొకడు లేడని తేల్చుకోడానికి నాకు వారం పట్టిందయ్యా."

కామా ఉబ్బితబ్బిబ్బయ్యాడు. పర్మనెంటు ఖాయం. చెప్పుల కొట్టు పీడ విరగడైంది. ముందు ఇంటికి ఫోన్ చేసి భార్యకి చెప్పాలనుకున్నాడు.

మేనేజరు గారు కాఫీ కప్పు అతని ముందుకి జరిపి, "మగవాళ్ళ బాత్రూం గోడ మీద నా బట్టతల గురించి రాసిన ఇంగ్లీషు పద్యంలో కూడా ఒక్క కామా తప్పు పోలేదు మరి" అన్నారు.