రెండు కాళ్ళూ గాల్లో

"మీరు నడవలేదండీ, పరిగెత్తారు," అన్నాడు డెంటిస్టు, గెలుపు కప్పు మీద ఒక చెయ్యి వేసి.

"నేనా? నా మోకాళ్ళ సంగతి తెలిసే అంటున్నావా డాక్టరూ ఈ మాట?" అన్నారు మావగారు, కప్పు మీద రెండు చేతులూ వేసి.

కాలనీ నడక పోటీ పార్కు వెనక గేటు దగ్గర అప్పుడే ముగిసింది. ఏటా డెంటిస్టు మొదటొస్తే మావగారు రెండో స్థానంతో ఇంటికొచ్చి, రాత్రంతా ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేవారు. ఈసారి ఆయనే ముందొచ్చారు. ఆ కప్పు చేజారితే ఆయన మొహం ఎలా ఉంటుందో పక్కనే నిలబడ్డ కోడలికి బాగా తెలుసు.

రిఫరీగా ఉన్న డ్రిల్లు మాస్టారు నోట్లోంచి ఈల తీశారు. "చూడండి, నడకంటే ఎప్పుడూ ఏదో ఒక పాదం నేల మీదుండాలి. రెండూ ఒకేసారి గాల్లోకి లేస్తే అది పరుగు. పరిగెత్తినవాళ్ళు పోటీలో లేనట్టే. నా కంటికైతే ఈయన పాదం నేల మీదే ఉంది."

"మీ కంటికి అద్దాలుండాలి కదా మాస్టారూ. అవి జేబులో ఉన్నాయి," అన్నాడు డెంటిస్టు.

మావగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. "మన కళ్ళెందుకయ్యా? మా కోడలు పార్కు మూల మీద కెమెరా పెట్టింది. అందరి కాళ్ళూ ఫోటోలు తీసింది. చూపించమ్మా, వీడి నోరు మూయిద్దాం."

కోడలు చేతిలోని ట్యాబ్‌ని వీపు వెనక్కి జరిపింది.

కెమెరాని నేలబారుగా పెట్టింది తనే. ఎవరు దాటినా దానంతటదే క్లిక్కుమనేలా అమర్చిందీ తనే. పోయినేడు షట్టర్ స్పీడు తక్కువ పెడితే అందరి పాదాలూ పిండి కలిపినట్టు అలుక్కుపోయాయి. అందుకని ఈసారి సెకనులో రెండు వేలవ వంతుకి పెట్టింది. షట్టర్ అంత వేగంగా తెరుచుకుని మూసుకుంటే ఎగిరే ఈగ రెక్క కూడా గడ్డకట్టినట్టు నిలబడిపోతుంది. మావగారి పాదం ఏపాటిది? ఇందాకే ట్యాబ్‌లో చూసింది. ఆయన బూట్లు రెండూ నేలకి బెత్తెడు పైన హాయిగా తేలుతున్నాయి.

"చార్జింగ్ అయిపోయింది మావయ్యా," అంది.

"నిండుగా ఉందని ఇందాకేగా అన్నావు?"

"నిండుగా ఉంటే ఒక్కోసారి... తొందరగా అయిపోతుంది."

ఎదుటివాళ్ళ చేత నోరు తెరిపించడమే వృత్తిగా ఉన్న డెంటిస్టు ముందుకొచ్చాడు. "చూపించమ్మా. నొప్పేం ఉండదు."

ఇక తప్పలేదు. ట్యాబ్ తిప్పి పట్టుకుంది. మావగారు ఫోటోని దగ్గరగా చూశారు, దూరంగా పెట్టి చూశారు.

"ఇది నేనేనా?"

"బూట్లు మీవే మావయ్యా."

"మరి నేల తగులుతూనే ఉన్నట్టు అనిపించిందే నాకు. ఏమ్మా, నువ్వు స్పీడు ఎక్కువ పెట్టబట్టి నేను ఎగిరినట్టు పడ్డానేమో. కాస్త తగ్గించు."

"తీసేశాక తగ్గదు. తక్కువ పెట్టి తీసుంటే కాళ్ళు మసగ్గా వచ్చేవి. నేల మీదున్నాయో గాల్లో ఉన్నాయో ఎవరికీ తెలిసేది కాదు."

"అలా తియ్యొచ్చుగా మరి," అన్నారు మావగారు నీరసంగా.

ఆమెకీ అదే అనిపించింది. కెమెరా గురించి చదువుకున్నదంతా కాళ్ళు స్పష్టంగా కనపడటానికే. తీరా కనపడ్డాక ఎందుకు కనపడ్డాయా అనిపిస్తోంది.

డెంటిస్టు కప్పు లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. మావగారు వదల్లేదు. "ఆగవయ్యా. తర్వాతి ఫోటో నీదేగా."

డెంటిస్టు బెత్తెడున్నర పైన ఉన్నాడు.

"కెమెరా పాడైంది," అన్నాడు డెంటిస్టు.

"ఇప్పుడే పాడైందా?"

మూడో ఫోటో మందుల షాపాయనది. ఆయనా గాల్లోనే. నాలుగు, అయిదు, ఆరు, అన్నీ అదే తంతు. కాలనీ కాలనీ అంతా గాల్లో తేలుతోంది. డ్రిల్లు మాస్టారు జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నారు. మళ్ళీ తీసి, తుడిచి పెట్టుకున్నారు.

"అంటే ఒక్కడూ నడవలేదా? మరి ఇంతసేపూ నేను పెట్టింది ఏం పోటీ?"

కోడలు చివరి ఫోటో తెరిచింది. అందులో ఆకుపచ్చ చెప్పులు. ఒకటి వెనక లేస్తోంది. రెండోది మడమ నుంచి వేళ్ళ దాకా నేలకి అతుక్కుని ఉంది. అసలు సిసలు నడక.

కోడలు స్క్రీన్ మీద పెద్దది చేసి చూసి, తన కాళ్ళకున్న బూట్ల వంక చూసుకుంది. "ఇవి నా చెప్పులు. వాకిట్లో విడిచొచ్చాను."

"అయితే నువ్వూ నడిచావా?" అన్నారు మాస్టారు.

"నేను మొదట్నుంచీ ఇక్కడ మీ పక్కనే ఉన్నాను కదండీ."

"మరి చెప్పులొక్కటే నడిచొచ్చాయా?" అన్నాడు డెంటిస్టు.

మావగారు కోడలి వంకా, ఫోటో వంకా, కోడలి కాళ్ళ వంకా చూశారు.

"చెప్పులెవరివైతే నాకేంటి," అన్నారు మాస్టారు, కప్పు డెంటిస్టు చంకలోంచి లాగేసుకుంటూ. "రూలు రూలే. అందరిలో నడిచింది ఈ మనిషొక్కరే, కప్పు వాళ్ళదే." ఈల ఊది గొంతెత్తారు. "ఆకుపచ్చ చెప్పులు వేసుకున్నవాళ్ళెవరో ముందుకి రండి."

జనాన్ని తప్పించుకుంటూ, చెమటలు కక్కుకుంటూ వచ్చింది అత్తగారు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు ఆమె చేతిలో కప్పు పెట్టారు. మావగారి మొహం ఒక్కసారిగా వెలిగింది. ఎలాగైతేనేం, కప్పు తన ఇంటికే వస్తోంది.

"నేను మేడ మీద బట్టలు ఆరేసి దిగేలోపు ఇంటికి తాళం వేసుకొచ్చేశారు, వాకిట్లో ఉన్న కోడలి చెప్పులు వేసుకుని పార్కు ముందు గేటు దగ్గర్నుంచీ పిలుస్తూ మీ వెనకాలే వస్తున్నా," అంటూ అత్తగారు ఆ కప్పుని మావగారి చేతిలో కుక్కింది, "ఈ గిన్నె మీరే ఉంచుకుని నాకు తాళంచెవి ఇవ్వండి."